ట్రాన్స్‌పాండర్ షెల్ఫ్ ఇక అక్కర్లేదట: ఎవరికి అక్కర్లేదు?

లాంబ్డా_లెక్క

రౌటర్ కంపెనీల ప్రెజెంటేషన్లు ఏవి తెరిచినా ఒకటే బొమ్మ. ఎడమ పక్క రౌటర్, మధ్యలో ట్రాన్స్‌పాండర్ షెల్ఫ్, అంటే రౌటర్ సిగ్నల్‌ను దూరం పోయే లేజర్ కాంతిగా మార్చే విడి పెట్టె, దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు. కుడి పక్క రౌటర్‌లోనే గుచ్చేసిన 400జీ కోహెరెంట్ ప్లగ్గబుల్, అంటే అదే పని సెకనుకు 400 గిగాబిట్ల వేగంతో చేసే చిన్న మాడ్యూల్. కింద ఆదా శాతం పెద్దక్షరాల్లో. ఆ శాతం ఎన్ని స్పాన్ల (రెండు ఆంప్లిఫయర్ల మధ్య ఫైబర్ ముక్క) మీద కట్టారో, ఏ మక్స్ (చాలా రంగుల కాంతిని ఒకే ఫైబర్‌లోకి కలిపేది) మీద కట్టారో మాత్రం రాయరు.

400జెడ్‌ఆర్ అనే ప్లగ్గబుల్ ప్రమాణం డేటా సెంటర్ల కోసం పుట్టిన సరుకు. ఆప్టికల్ ప్రమాణాలు రాసే ఓఐఎఫ్ సంస్థ 2020లో స్పెక్ ఇచ్చినప్పుడు పెట్టుకున్న గురి 80 నుంచి 120 కి.మీ. దాకా ఒకే స్పాన్, పాయింట్ టు పాయింట్. దారిలో రోడమ్‌లు (కాంతి రంగులను మధ్యలో దించే, ఎక్కించే స్విచ్‌లు) లేవు. దాన్నే సాగదీసి, ఓఫెక్ (తప్పు బిట్లను సరిదిద్దే కోడ్) తగిలించి, జెడ్‌ఆర్ ప్లస్ అని పేరుపెట్టి ఇప్పుడు టెలికాం వాళ్లకు అంటగడుతున్నారు. సరుకు చెడ్డదని అనను. లెక్క దాచి అమ్మడం మీదే నా తగువు.

హైదరాబాద్–విజయవాడ తీసుకోండి. రోడ్డు వెంట 275 కి.మీ. అంటే 70 కి.మీ. స్పాన్లు 4. కొత్త ఫైబర్‌కు కి.మీ.కి 0.20 డీబీ (డెసిబెల్) నష్టం అంటారు గానీ, తెగి అతుకులు పడ్డ కేబుల్‌కు 0.25 వేసుకోవాలి. అది 17.5. రెండు చివర్ల ప్యాచింగ్‌కు 1, ముందు ముందు పడే అతుకులకు 3. స్పాన్‌కు 21.5 డీబీ. ఛానెల్‌కు +1 డీబీఎం లాంచ్ (ఫైబర్‌లోకి పంపే పవర్), ఈడీఎఫ్‌ఏ (ఫైబర్ ఆంప్లిఫయర్) నాయిస్ ఫిగర్ 5.5 అనుకుంటే:

58 + 1 − 21.5 − 5.5 − 6 = 26 డీబీ ఓఎస్‌ఎన్‌ఆర్ (సిగ్నల్‌కూ నాయిస్‌కూ నిష్పత్తి). 58 సూత్రంలోని స్థిరాంకం, 6 నాలుగు స్పాన్లకు.

ఓపెన్ జెడ్‌ఆర్ ప్లస్‌కు 400జీలో 24 చాలు. ఇంకా 2 డీబీ మిగిలిందిగా అంటాడు అమ్మేవాడు. ఇక్కడే స్లైడు మారుస్తాడు.

మార్చకముందు యాడ్ వైపు, అంటే మాడ్యూల్ కాంతి లైనులోకి ఎక్కే చోటు చూడండి. మామూలు ప్లగ్గబుల్ −10 డీబీఎం మాత్రమే ఇస్తుంది. కలర్‌లెస్ (ఏ పోర్టులో ఏ రంగైనా పెట్టగల) రోడమ్‌లో 16 పోర్టుల కంబైనర్ 14 డీబీ, డబ్ల్యూఎస్‌ఎస్ (రంగుల వారీగా దారి మళ్లించే స్విచ్) 7 డీబీ తినేస్తాయి. బూస్టర్ (ఫైబర్‌లోకి పంపే ముందరి ఆంప్లిఫయర్) దగ్గరికి చేరేది −31. ఆ ఒక్క చోటే ఓఎస్‌ఎన్‌ఆర్ 58 − 31 − 5.5 = 21.5కి పడిపోయింది. ఫైబర్‌లోకి ఇంకా అడుగైనా పెట్టలేదు! లైన్ 26తో కలిపితే చివరికి మిగిలేది 20.2. కావలసింది 24. లింకు లేవదు.

పోర్ట్36

లెక్క తప్పు కాదు గానీ ఉదాహరణ మీకు అనుకూలంగా ఏరుకున్నారు లాంబ్డా గారూ. కలర్‌లెస్ కంబైనర్ మీద −10 మాడ్యూల్ ఎవరు పెట్టమన్నారు? లోపల చిన్న ఆంప్లిఫయర్, ట్యూనబుల్ ఫిల్టర్ ఉన్న 0 డీబీఎం రకం ఇప్పుడు మామూలుగానే దొరుకుతోంది. అది పెడితే యాడ్ దగ్గర 31.5, మొత్తం 24.9. పాస్.

అదీ వద్దు, రెండు చివర్లా స్థిరమైన ఏడబ్ల్యూజీ మక్స్ (ఒక్కో పోర్టుకు ఒక్కో రంగు ఖాయం) పెట్టండి. నష్టం 6 డీబీ. −10 మాడ్యూల్‌తోనే బూస్టర్‌కు −16 చేరుతుంది, యాడ్ దగ్గర 36.5, మొత్తం 25.6. శుభ్రంగా పాస్.

షెల్ఫ్ తీసేస్తే ఏం మిగులుతుందో కూడా చెప్పాలిగా. ఒక్కో 400జీ లింకుకు రెండు చివర్లా కలిపి 4 గ్రే ఆప్టిక్స్ (రౌటర్‌ను షెల్ఫ్‌తో కలిపే దగ్గరి దూరపు మాడ్యూళ్లు) పోతాయి. రౌటర్‌లో ఒకటి, ట్రాన్స్‌పాండర్ క్లయింటు వైపు ఒకటి, అవతల కూడా అంతే. వాటి ధర, వాటి కరెంటు, వాటి ప్యాచ్ కార్డులు, వాటి ఫెయిల్యూర్లు. ఇది కట్టుకథ కాదు.

లాంబ్డా_లెక్క

24.9 పాసా? చేతిలో 0.9 డీబీ. అందులోంచి నాన్‌లీనియర్ పెనాల్టీకి (పవర్ ఎక్కువై ఫైబర్‌లో సిగ్నల్ చెడేదానికి) 1 తీయండి. డబ్ల్యూఎస్‌ఎస్‌లు దాటుతుంటే ఫిల్టర్ అంచులు కోసేదానికి ఇంకో అర తీయండి. అప్పు మిగిలింది.

ఏడబ్ల్యూజీ మాట ఒప్పుకుంటాను. కానీ అప్పుడు ఏ లాంబ్డా (కాంతి రంగు) ఏ పోర్టులో పెట్టాలో మనిషి వెళ్లి గుచ్చాలి. కలర్‌లెస్, డైరెక్షన్‌లెస్ అంటూ పదేళ్లు మనకు అమ్మింది ఆ మనిషి వెళ్లే పని తప్పించడానికే కదా. ఆ డబ్బు కట్టేశాం. ఇప్పుడు అది తీసి పక్కన పెట్టమంటున్నారు.

డార్క్‌ఫైబర్_దాసు

దూరం పెంచి చూడండి, అసలు రంగు బయటపడుతుంది. హైదరాబాద్–విశాఖ దాదాపు 620 కి.మీ. 80 కి.మీ. చొప్పున 8 స్పాన్లు, ఒక్కోటి 24 డీబీ. 58 + 1 − 24 − 5.5 − 9 = 20.5. 400జీకి 24 కావాలి, 300జీకి 21 కావాలి, 200జీకి 16 చాలు. మిగిలిన దారి 200జీ ఒక్కటే. అంటే 400జీ పోర్టుకు, దాని లైసెన్సుకు పూర్తి డబ్బు కట్టి సగమే వాడుకోవడం. ఆదా పట్టికలో ఈ వరస ఎప్పుడూ కనబడదు.

ఓటీడీఆర్_సుబ్బు

అందరూ 0.25, 0.25 అంటున్నారు. ఆ అంకె ఎవరు కొలిచారు?

చాలా చోట్ల డిజైన్‌కు ఇచ్చేది కేబుల్ వేసినప్పటి యాక్సెప్టెన్స్ రిపోర్టు. ఆ తర్వాత పడ్డ ప్రతి జేసీబీ కట్‌కూ రెండు జాయింట్లు, మధ్యలో కొత్త ముక్క. బాగా చేస్తే అతుకుకు 0.1 లోపే. రాత్రి వానలో, టార్పాలిన్ కింద, పాత ఎలక్ట్రోడ్లతో చేస్తే 0.3 కూడా వస్తుంది. పైగా ఓటీడీఆర్ (ఫైబర్‌లోకి కాంతి పంపి నష్టం ఎక్కడుందో కొలిచే పరికరం) ఒక పక్క నుంచే వేసి పంపేస్తారు. రెండు రకాల ఫైబర్ కలిసిన చోట ఒక పక్క నుంచి చూస్తే నష్టం బదులు లాభం కనబడుతుంది, ట్రేస్ పైకి లేస్తుంది! రెండు పక్కల నుంచీ తీసి సగటు కట్టకపోతే ఆ అంకెకు విలువ లేదు.

1550 నానోమీటర్ల కాంతి ఒక్కటే కాదు, 1625లో కూడా వేయాలి. ఒకే చోట 1550లో 0.2, 1625లో 0.8 చూపిస్తే అది అతుకు తప్పు కాదు, వంపు. జాయింట్ ఎన్‌క్లోజర్ ట్రేలో ఫైబర్‌ను బిగించి చుట్టారన్నమాట. తెరిచి చుట్ట వదులు చేస్తే పోతుంది. దాన్ని మళ్లీ కోసి అతికేవాళ్లు ఉన్నారు, అదే బిగువుతో.

ఇంకో సామాన్యమైన చోరుడు: ఆకుపచ్చ (ఏపీసీ) కనెక్టర్‌ను నీలం (యూపీసీ) అడాప్టర్‌లో గుచ్చడం. ఏపీసీ ముఖం 8 డిగ్రీలు ఏటవాలు, యూపీసీ ముఖం నిటారు. మధ్యలో గాలి సందు. డీబీ మీద డీబీ నష్టం, పైగా వెనక్కి ప్రతిఫలనం. గ్రే ఆప్టిక్స్‌తో గదిలో లింకు లేచిపోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కోహెరెంట్ ప్లగ్గబుల్ రోజుల్లో మార్జిన్ అంతా ఆ ఒక్క జాయింటే మింగేస్తుంది.

పాతకాపు

ఆప్టికల్ పొరను తమలో కలిపేసుకోవాలన్న ఈ కల రౌటర్ కంపెనీలకు ఇవాళ వచ్చింది కాదు. రౌటర్ కంపెనీ సిస్కో 1999లో ఆప్టికల్ పెట్టెలు చేసే సెరెంట్‌ను దాదాపు 690 కోట్ల డాలర్లకు కొంది, అదే ఊపులో ఆప్టికల్ క్రాస్‌కనెక్ట్ చేసే మాంటరీని 50 కోట్లకు కొంది. మాంటరీ సరుకును 2001లో మూసేసింది. టెలికాం పరికరాల కంపెనీ నార్టెల్ 2000లో జ్రాస్‌ను 325 కోట్ల డాలర్ల షేర్లు ఇచ్చి తెచ్చుకుంది. అద్దాలతో కాంతిని తిప్పే పూర్తి ఆప్టికల్ స్విచ్ అన్నారు. ఎక్కడుందిప్పుడు? నార్టెల్ 2009 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. దాని ఆప్టికల్ వ్యాపారం 2010లో మరో ఆప్టికల్ కంపెనీ సియెనా చేతికి వెళ్లింది.

అప్పుడు వాడిన మంత్రం గుర్తుందా? ఇంటర్నెట్ ట్రాఫిక్ 100 రోజులకోసారి రెట్టింపవుతోందని. గణిత శాస్త్రవేత్త ఆండ్రూ ఒడ్లిజ్కో లెక్కలు తీసి చూపించాడు, అసలు వేగం ఏడాదికి రెట్టింపు మాత్రమే అని. అదీ తక్కువేం కాదు. కానీ 100 రోజుల లెక్క నమ్మి తవ్విన ఫైబర్ ఏళ్ల తరబడి వెలుగు చూడకుండా పడి ఉంది.

జీఎంపీఎల్‌ఎస్ అనే ప్రోటోకాల్ సంగతీ అంతే. దాని ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3945 వచ్చింది 2004లో. రౌటరే ఆప్టికల్ పొరను అడిగి లాంబ్డా తెప్పించుకుంటుందన్నారు. ఒకే కంపెనీ పెట్టెల మధ్య నడిచింది. వేరే కంపెనీ పెట్టె వచ్చేసరికి మొహం చాటేసింది.

పోర్ట్36

పాతకాపు గారూ, అప్పటి స్విచ్‌లకు కొనేవాడే లేడు. ఇప్పటి ప్లగ్గబుల్స్‌ను పెద్ద క్లౌడ్ కంపెనీలు పెట్టెల కొద్దీ వాడుతున్నాయి. రెండూ ఒకటెలా అవుతాయి?

పాతకాపు

ఒకటి కావు. ఒప్పుకుంటున్నా. నేనంటున్నది ఎవరి లాభం ఎవరి జేబులోకి పోతోందో చూడమని. సిస్కో 2019లో కోహెరెంట్ చిప్పులు, మాడ్యూళ్లు చేసే అకేషియాను 260 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది. 2021లో కథ ముగిసేసరికి 450 కోట్లు కట్టింది. చిప్పుల కంపెనీ మార్వెల్ అదే ఏడాది మరో చిప్పుల కంపెనీ ఇన్‌ఫైను తీసుకుంది. ఆప్టికల్ కంపెనీ ఇన్ఫినెరా సొంత ఇండియం ఫాస్ఫైడ్ ఫ్యాబ్ (చిప్పు ఫ్యాక్టరీ) పెట్టుకుని, 2018లో కోరియంట్‌ను కొనుక్కుని కూడా ఒంటరిగా నిలవలేక 230 కోట్ల డాలర్ల ఒప్పందంతో 2025 ఫిబ్రవరిలో నోకియాలో కలిసింది. చిప్పు ఎవరి చేతిలో ఉంటే లాభం వాళ్లది. షెల్ఫ్ తీసేస్తే ఆ లాభం కొనేవాడికి రాదు, షెల్ఫ్ కంపెనీ నుంచి రౌటర్ కంపెనీకి మారుతుంది. అంతే.

డార్క్‌ఫైబర్_దాసు

+1. అందుకే రౌటర్‌లో బయటి మాడ్యూల్ గుచ్చగానే "సపోర్ట్ లేని ట్రాన్సీవర్" అని అలారం. లోపల మెమొరీలో ఉన్న కంపెనీ కోడ్ సరిపోలకపోతే కొన్ని పోర్టును మూసేస్తాయి, కొన్ని లేపుతాయి గానీ టాక్ (కంపెనీ సాంకేతిక సహాయ విభాగం) వాళ్లు కేసు తీసుకోరు. ఓపెన్ అన్న మాట కేబుల్‌కే గానీ పోర్టుకు కాదు.

స్పెక్ట్రమ్_శీను

మధ్యలో దూరుతున్నందుకు మన్నించాలి. 800జీకి వెళ్తే ఫైబర్ సామర్థ్యం రెట్టింపవుతుందని ఈ మధ్య తెగ రాస్తున్నారు. కాగితం తీయండి. సీ బ్యాండ్ (ఫైబర్‌లో మామూలుగా వాడే కాంతి పట్టీ) 4.8 టెరాహెర్ట్జ్. 400జెడ్‌ఆర్‌కు 75 గిగాహెర్ట్జ్ చొప్పున 64 ఛానెళ్లు, 25.6 టెరాబిట్లు. 800జెడ్‌ఆర్‌కు 150 గిగాహెర్ట్జ్ చొప్పున 32 ఛానెళ్లు. అదీ 25.6 టెరాబిట్లే. గీత రెండింతలు వెడల్పయింది, గీతలు సగమయ్యాయి.

తగ్గేది పోర్టుల సంఖ్య, బిట్‌కు ధర, కరెంటు. అవి నిజమైన లాభాలే. కానీ ఫైబర్ నిండిపోయినవాడికి 800 మందు కాదు. షానన్ హద్దు (ఒక ఛానెల్‌లో పట్టే సమాచారానికి సిద్ధాంతపరమైన గరిష్ఠం) దగ్గరికి వచ్చేశాం. ఇక ఎల్ బ్యాండ్ (దాని పక్క పట్టీ) తెరవాలి, లేదా ఇంకో జత ఫైబర్ వెలిగించాలి. మన దగ్గర 24, 48 ఫైబర్ల కేబుల్‌లో సగం చీకట్లో ఉండగా ఎల్ బ్యాండ్ ఆంప్లిఫయర్ కొనమనేవాళ్లు కూడా తగులుతారు, జాగ్రత్త.

ఎన్‌ఓసీ_నైట్‌షిఫ్ట్

దుడ్డు లెక్కలు అయ్యాయిగా. రాత్రి 2 గంటలకు లింకు ఊగితే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పండి ఇప్పుడు.

ట్రాన్స్‌పాండర్ ఉన్నన్నాళ్లూ గీత స్పష్టం. గ్రే ఆప్టిక్ దాకా ఐపీ టీమ్, ఆ తర్వాత ట్రాన్స్‌మిషన్ టీమ్. ప్లగ్గబుల్ రౌటర్‌లో ఉంటే లేజర్ ట్రాన్స్‌మిషన్ వాళ్లది, లాగిన్ ఐపీ వాళ్లది. ట్రాన్స్‌మిషన్ వాళ్లకు రౌటర్‌లోకి చదివే అనుమతి కూడా ఉండదు. ఐపీ వాళ్లు ఇంటర్‌ఫేస్ పైకి ఉందా లేదా చూస్తారు, సీఆర్‌సీ (చెడిన ప్యాకెట్ల) లెక్క సున్నా ఉంటే "మా వైపు క్లీన్" అంటారు.

సీఆర్‌సీ సున్నాయే ఉంటుంది! ఫెక్ సరిదిద్దుతున్నంతసేపూ ఒక్క ప్యాకెట్ కూడా పోదు. 400జెడ్‌ఆర్ వాడే సీఫెక్ హద్దు 1.25 శాతం, ఓఫెక్‌ది 2 శాతం. ప్రీ-ఫెక్ (సరిదిద్దక ముందరి తప్పు బిట్లు) 1.9 శాతం దగ్గర ఉన్న లింకు కూడా పచ్చగానే మెరుస్తుంది. 2 దాటిన క్షణం మొత్తం పడిపోతుంది, ముందు హెచ్చరిక అంటూ ఉండదు. కాబట్టి ప్రీ-ఫెక్, ఓఎస్‌ఎన్‌ఆర్, రిసీవ్ పవర్, సీడీ (ఫైబర్‌లో కాంతి పల్స్ ఎంత సాగిందో), లేజర్ ఉష్ణోగ్రత ఈ అయిదూ నిమిషానికోసారి టెలిమెట్రీలో లాగాలి. లింకు లేచిన రోజు విలువను పక్కన రాసి పెట్టుకుని, ప్రీ-ఫెక్ దానికి పది రెట్లయితే టికెట్ తెరవాలి. పడ్డాక కాదు.

ఎక్కడో వంపు పెరుగుతుంటే రిసీవ్ పవర్ మారకపోవచ్చు కూడా. మధ్యలో ఈడీఎఫ్‌ఏలు గెయిన్ పెంచి కప్పేస్తాయి. ఓఎస్‌ఎన్‌ఆర్ మాత్రం మెల్లగా కిందికి జారుతుంది. పవర్ ఒక్కటే చూసేవాడికి అది కనబడదు.

ఓటీడీఆర్_సుబ్బు

ఎన్‌ఓసీ గారి ఆఖరి పేరా అందరూ రెండుసార్లు చదవండి.

గ్రిడ్‌లైన్

కరెంటు టవర్ల మీది ఓపీజీడబ్ల్యూ (ఎర్త్ వైరు లోపలే ఉండే) ఫైబర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. పిడుగు పడితే ఎర్త్ వైరులో ప్రవాహం ఉరుకుతుంది, దాని అయస్కాంత క్షేత్రం ఫైబర్‌లోని కాంతి ధ్రువణాన్ని గిర్రున తిప్పుతుంది. ఫారడే ప్రభావమే. 400జెడ్‌ఆర్ స్పెక్ ప్రకారం మాడ్యూల్ తట్టుకోవలసింది సెకనుకు 50,000 రేడియన్లు. పిడుగు సమయంలో అది మిలియన్లలోకి పోగలదు. మాడ్యూల్ లాక్ (సిగ్నల్ మీద పట్టు) వదిలేస్తుంది, కొన్ని మిల్లీసెకన్లలో తిరిగి పట్టుకుంటుంది. ఈలోపు రౌటర్ ఇంటర్‌ఫేస్ కింద పడింది అనుకుని మొత్తం ట్రాఫిక్‌ను వేరే దారికి తిప్పేస్తుంది. ఓటీడీఆర్ వేస్తే ఫైబర్ బాగానే ఉంటుంది, ఎవరికీ ఏమీ దొరకదు. అలారం టైమును పిడుగుల నమోదుతో పక్కపక్కన పెట్టి చూస్తే దొరుకుతుంది.

పెద్ద ట్రాన్స్‌పాండర్ల లోపలి సిగ్నల్ చిప్పు డీఎస్‌పీకి ధ్రువణం వెంట పరిగెత్తే శక్తి ఎక్కువ, ఎందుకంటే దానికి వాట్లు ఇచ్చారు. ప్లగ్గబుల్‌లో వాట్లు కోసేటప్పుడు కోసినవాటిలో ఇదొకటి. ఆంధ్రా ఫైబర్‌నెట్ లాగా కరెంటు స్తంభాలకు కట్టిన కేబుల్‌కు ఈ బాధ ఇంతగా ఉండదు, అందులో ప్రవాహం మోసే లోహం లేదు కాబట్టి. దాని బాధలు వేరే: తుపాను, చెట్టు కొమ్మ, స్తంభం మార్పిడి.

పోర్ట్36

ఇది నాకు కొత్త సంగతి, థాంక్స్. ఓపీజీడబ్ల్యూ రూట్ల మీద ఇంటర్‌ఫేస్ డౌన్ టైమర్‌ను కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆపితే సరిపోదా?

గ్రిడ్‌లైన్

సరిపోతుంది, మాడ్యూల్ ఆ లోపు లాక్ పట్టుకుంటే. మొత్తం రీస్టార్ట్ అయ్యే రకమైతే లేజర్ ట్యూనింగ్ నుంచి మొదలవుతుంది, పదుల సెకన్లు పోతాయి. ఏది ఎంతసేపు తీసుకుంటుందో డేటాషీట్‌లో వెతక్కండి, పోలరైజేషన్ స్క్రాంబ్లర్ (ధ్రువణాన్ని కావాలని తిప్పే సాధనం) పెట్టి ల్యాబులో చూపించమనండి. అది అడగ్గానే సగం మంది మెత్తబడతారు. అయితే ఆ టైమర్ పెంచితే నిజంగా ఫైబర్ తెగినప్పుడు టీఐ-ఎల్‌ఎఫ్‌ఏ (తెగగానే ట్రాఫిక్‌ను వేరే దారికి మళ్లించే పద్ధతి) ఇచ్చే 50 మిల్లీసెకన్ల మాట పోతుంది. రెండూ కావాలంటే కుదరదు.

డార్క్‌ఫైబర్_దాసు

తెగితే వేరే దారికి మళ్లించే మాట వచ్చింది కాబట్టి ఒకటి. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో పాత వరస కట్టు బదులు ఐపీ-ఎంపీఎల్‌ఎస్ రింగులు (ఒక పక్క తెగితే రెండో పక్క నుంచి పోయేలా) అన్నారు. 1.39 లక్షల కోట్ల పథకం. ఆలోచన మంచిదే. కానీ కాగితం మీది రింగు రెండు చేతులూ ఒకే కల్వర్టు మీదుగా, ఒకే గోతిలోంచి పోతే అది రింగు కాదు, మడిచిన తాడు. తెలంగాణలో టీ-ఫైబర్‌ను మిషన్ భగీరథ పైపుల వెంట వేశారు, తవ్వకం ఖర్చు కలిసొచ్చింది. పైపు లీకై తవ్వితే కేబుల్ కూడా అక్కడే ఉంటుందని డిజైన్ చేసేవాడు గుర్తుంచుకోవాలి. రూట్ మ్యాప్‌లో రెండు చేతుల మధ్య ఎన్ని మీటర్ల దూరం ఉందో కిలోమీటరు వారీగా రాసిమ్మని అడగండి. రంగు గీతల పీడీఎఫ్ ఒప్పుకోకండి.

పోర్ట్36

మరి ప్లగ్గబుల్స్ ఎక్కడ పెట్టాలి మీ లెక్కన? ఎక్కడా వద్దంటారా?

లాంబ్డా_లెక్క

అలా అనలేదు. విశాఖలో గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ లాంటి చోట, క్యాంపస్‌కు క్యాంపస్‌కు, కేబుల్ ల్యాండింగ్ నుంచి భవనానికి, పాతిక ముప్పై కి.మీ. ఒకే స్పాన్. అక్కడ ఇంకేదీ దీనికి సాటి రాదు. ఏడబ్ల్యూజీ, రెండు ఆంప్లిఫయర్లు, 400జెడ్‌ఆర్. ముగిసింది. మెట్రోలో 2, 3 స్పాన్ల దాకా కూడా, మక్స్ నష్టం చూసుకుని. ఆ పైన దూరానికి షెల్ఫే చౌక పడుతుంది. సియెనా వేవ్‌లాజిక్ 6 లాంటివి ఒక లాంబ్డా మీద 1.6 టెరాబిట్ల దాకా పోతున్నది ఇందుకే.

ఎన్‌ఓసీ_నైట్‌షిఫ్ట్

వేడి కూడా చూసుకోండి. గ్రే ఆప్టిక్ రకమైన 400జీ డీఆర్4 10 వాట్ల దగ్గర తింటే హై పవర్ జెడ్‌ఆర్ ప్లస్ 20 దాటుతుంది. 36 పోర్టుల రౌటర్ నింపితే ప్లగ్గబుల్స్ ఒక్కటే 700 వాట్ల పైన. ఎన్ని పోర్టుల్లో ఆ వాట్లు ఒప్పుకుంటారో, ఏ వరసలో వదిలిపెట్టాలో రౌటర్ హార్డ్‌వేర్ గైడులో ఉంటుంది, అమ్మేటప్పుడు చెప్పరు. ఏసీ ఆగిపోయిన ఎక్స్చేంజి గదిలో మాడ్యూల్ కేసు 70 డిగ్రీలు దాటగానే లేజర్ తనంతట తానే ఆరిపోవచ్చు. ఖాళీ స్లాట్లకు మూతలు పెట్టకపోతే గాలి అటు పారిపోయి నిండిన స్లాట్లు ఇంకా వేడెక్కుతాయి. ఆ మూత వందల రూపాయల సరుకు, మొదటి రోజే పోగొడతారు.

టెండర్_టేబుల్

ఎల్1 (అన్నిటికంటే తక్కువ ధర వేసినవాడికే ఇచ్చే) పద్ధతిలో కొనేవాళ్లకు పనికొచ్చేది రాస్తాను. "400జీ కోహెరెంట్ ప్లగ్గబుల్, 600 కి.మీ. వరకు" అని రాస్తే ఎవడైనా నిండా ఒప్పుకుని సంతకం పెడతాడు, ఎందుకంటే 200జీలో 600 కి.మీ. పోతుంది, వాడు అబద్ధం ఆడినట్లు కాదు. ఇలా రాయండి: జతపరిచిన స్పాన్ నష్టాల పట్టిక మీద, 400జీ రేటులో, ఛానెళ్లన్నీ నిండాక, జీవితాంతపు మార్జిన్ 3 డీబీ పోను, ప్రీ-ఫెక్ ఓఫెక్ హద్దులో సగానికి మించకుండా. యాడ్ నష్టాన్ని ఎవరి లెక్కలో వేశారో విడిగా చూపించాలి. ఇతర కంపెనీ మాడ్యూల్ గుచ్చినా పోర్టు పనిచేయాలి, దానికి విడి లైసెన్సు అడగకూడదు, టాక్ కేసు నిరాకరించకూడదు. ఈ మూడూ ధర బిడ్ తెరవక ముందే రాతపూర్వకంగా.

యాక్సెప్టెన్స్ రోజు వేరియబుల్ అటెన్యుయేటర్ (కాంతిని కావలసినంత తగ్గించే సాధనం) ఒకటి తెప్పించి స్పాన్‌లో 3 డీబీ కలపండి. లింకు నిలబడి 24 గంటలు ఒక్క తప్పు లేకుండా నడిస్తే సంతకం.

ఓటీడీఆర్_సుబ్బు

అటెన్యుయేటర్ ఏ పక్క పెడుతున్నారో కూడా రాయండి. రిసీవ్ మాడ్యూల్ ముందు పెడితే సిగ్నలూ నాయిసూ రెండూ ఒకే కొలతలో తగ్గుతాయి, ఓఎస్‌ఎన్‌ఆర్ కదలదు, పరీక్ష నెగ్గుతుంది. ఆంప్లిఫయర్ ముందు, ఫైబర్ స్పాన్ చివర్లో పెట్టాలి. అదీ అన్నింటికంటే పొడవైన స్పాన్‌లో.

టెండర్_టేబుల్

నిజమే, ఆ వాక్యం చేరుస్తున్నా. స్పాన్ నంబరుతో సహా.